కింది పెదవి కింద లోతైన మడత: ఫిల్లరా, క్లిప్పులా, ఆపరేషనా?

తెనాలి_వెన్నెల
నాకు 27 ఏళ్లు. కింది పెదవికీ గడ్డానికీ మధ్య అడ్డంగా లోతైన మడత ఉంది. నవ్వినా నవ్వకపోయినా ఉంటుంది. పైనుంచి లైటు పడితే గీత గీసినట్టు కనిపిస్తుంది, పౌడరు రాస్తే అందులోనే పేరుకుంటుంది. మొన్న హైదరాబాదులో ఒక స్కిన్ డాక్టరుకి చూపించుకున్నాను. ఒక సిరంజి ఫిల్లరు (గుంటని నింపే జెల్), గడ్డం కండరంలో కొంచెం బొటాక్స్ (కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్), మొత్తం 34 వేలన్నారు. అదే వారం పళ్లు క్లీనింగుకి వెళ్తే ఆ డాక్టరుగారు "అది మడత కాదమ్మా, దవడ" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. చేయించుకున్నవాళ్లు చెప్పండి. పెళ్లిచూపుల కోసం మాత్రం కాదు, ఆ సలహాలు వద్దు.

కోఠి_పోరడు
గంత దగ్గరకొచ్చి ఎవలు చూస్తరక్కా? పైసలు దాచుకో.

గుంటూరు_దంతవైద్యుడు
22 ఏళ్లుగా క్లిప్పులు వేస్తున్నాను. ఈ మడత లోతుగా ఉండి నా దగ్గరకొచ్చినవాళ్లలో చాలామందికి పై పళ్లు ఎత్తుగానో, కింది దవడ వెనక్కో ఉంటుంది. లేదంటే పై పళ్లు కింది పళ్లని దాదాపు పూర్తిగా కప్పేస్తుంటాయి. నోరు మూసినప్పుడు కింది పెదవికి చోటు చాలక బయటికి తిరిగి మడత పడుతుంది. ఒక పని చేయండి. అద్దం ముందు పక్కకి తిరిగి, పెదాలు బిగించకుండా కింది దవడని 3, 4 మిల్లీమీటర్లు కిందకి వదలండి. మడత తగ్గితే అసలు సంగతి పళ్లు కలిసే తీరులో ఉన్నట్టు. అది చూసుకోకుండా సూది వేయించుకోకండి.

నీలాంబరి
నేను రెండుసార్లు చేయించుకున్నాను. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లరు. మొదటిసారిది ఏడాది దాకా ఉంది. గుంట పూర్తిగా పోలేదు, సగం పైకి లేచింది, నాకది చాలు. వాపు మూడు రోజులు, కమిలిన మచ్చ వారం. నచ్చకపోతే కరిగించడానికి హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్ ఉంది. అది క్లినిక్‌లో సిద్ధంగా ఉందా అని ముందే అడగండి, లేదంటే లేచి వచ్చేయండి. బొటాక్స్ అందరికీ అక్కర్లేదు. మాట్లాడేటప్పుడు గడ్డం బత్తాయి తొక్కలా గుంటలు పడేవాళ్లకి పనికొస్తుంది. 3, 4 నెలలకి దాని పని అయిపోతుంది.

లెక్కల_మాస్టారు
34 వేలలో జీఎస్టీ కలిపారా? అందం కోసం చేసే వాటికి అది పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో లోపం, గాయం సరిచేసే ఆపరేషన్‌కైతే పడదు.

సీమ_శీను
మా తమ్ముడి సంగతి చెప్తా. గడ్డం చిన్నగా ఉందని ఎముక కోసి ముందుకు జరిపించుకున్నాడు. లోపల ప్లేటు, స్క్రూలు. పక్కనుంచి చూస్తే ముఖం బాగైంది గానీ ఈ మడత ముందుకంటే లోతైంది! ఐదు నెలలు కింది పెదవికి స్పర్శ లేదు, టీ తాగితే గడ్డం మీదికి కారినా తెలిసేది కాదు. ముందే చెప్పలేదేమని అడిగితే "అందరికీ అలా జరగదు" అన్నారు. ఎవరినీ నమ్మొద్దు.

గుంటూరు_దంతవైద్యుడు
శీనుగారూ, గడ్డాన్ని కేవలం ముందుకు జరిపితే మడత లోతవుతుంది. గడ్డంలో ఇంప్లాంట్ పెట్టినా అంతే. కిందకి పొడవు పెంచితేనే తగ్గుతుంది. స్పర్శ పోవడానికి కారణం ఆ పక్కనే పెదవికి వెళ్లే నరం. చాలామందికి నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. ఇది కత్తి పెట్టకముందే చెప్పి తీరాలి, మీ తమ్ముడికి చెప్పకపోవడం తప్పే.

ఫిల్లరు గురించి. పని చేయదని నేననలేదు. తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు రోజంతా కదిలే చోటు అది. పైపైన ఎక్కిస్తే గడ్డకట్టినట్టు చేతికి తగులుతుంది. పెదవికి రక్తం తెచ్చే నాళాలూ అక్కడే ఉన్నాయి, ఫిల్లరు వాటికి అడ్డుపడొచ్చు. సూది పడగానే చర్మం తెల్లబడినా, వల అల్లినట్టు మచ్చలు తేలినా, నొప్పి ఆగకపోయినా ఇంటికి రాకూడదు, అక్కడికక్కడే కరిగించాలి. బొటాక్స్ పక్క కండరంలోకి పాకితే నవ్వు ఒకవైపుకి లాగుతుంది, తగ్గేదాకా వారాలు ఆగాలి.

రాజమండ్రి_పెద్దమ్మ
మా ఆయనకి పళ్లు ఊడాక ముఖం కిందిభాగం కుదించుకుపోయి ఇదే మడత వచ్చింది. పాత కట్టుడుపళ్లు అరిగాయని ఎత్తు పెంచి కొత్త సెట్టు చేశారు. మడత సగం పోయింది. సూదులూ లేవు ఏమీ లేవు.

నీలాంబరి
పెద్దమ్మగారూ, ఈ అమ్మాయికి 27. పళ్లు ఊడగొట్టుకోమంటారా?

డాక్టరుగారూ, మీరు చెప్పే దారి ఎంతకాలం? క్లిప్పులు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. ఎదుగుదల ఆగిపోయిన వయసులో క్లిప్పులతో దవడ ముందుకు రాదు, మరీ వెనక్కి ఉంటే మత్తిచ్చి దవడ ఆపరేషన్. ఒక గీత కోసమా ఇదంతా?

గుంటూరు_దంతవైద్యుడు
గీత కోసం కాదు, అదే నేను చెప్పేది. పళ్లు సరిగ్గా కలవక అరిగిపోతున్నా, కింది పళ్లు అంగిలికి గుచ్చుకుంటున్నా వైద్యం కావాలి. అవేవీ లేకపోతే అసలు ఏమీ అక్కర్లేదు. "ఫోటోలో బాగోలేదు" అని వచ్చినవాళ్లని నేను వెనక్కి పంపేస్తాను. పోయిన ఏడాది ఒకమ్మాయి మూడుచోట్ల ఫిల్లరు వేయించుకుని గడ్డలతో వచ్చింది, ఏడ్చింది. అందుకే ఇంత రాస్తున్నాను.

లెక్కల_మాస్టారు
దవడ వెనక్కి ఉండటం ఎదుగుదలలో లోపమే కదా? అలా రాసిస్తే ఆపరేషన్‌కి జీఎస్టీ ఉండకూడదు. దీనికి ఎవరూ జవాబివ్వలేదు.

నీలాంబరి
మాస్టారూ, కాసేపు జీఎస్టీ వదిలేయండి.

డాక్టరుగారూ, ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. నొప్పి ఉంటే వైద్యం, అందం కోసమైతే వెనక్కి పంపడం. మీరెవరండీ నిర్ణయించడానికి? నేను 15 ఏళ్లు ప్రతి ఫోటోలో గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాను. మా చెల్లి పెళ్లి ఆల్బంలో కూడా. నా జీతంలోంచి కట్టాను, ఎవరినీ అడగలేదు. ఎక్స్‌రేలో రోగం కనపడితే తప్ప నా బాధ బాధ కాదా?

కోఠి_పోరడు
గరం గాకుండ్రి. సార్ మంచికే చెప్తుండు.

తెనాలి_వెన్నెల
నేను మధ్యలోకి రాక తప్పట్లేదు. అద్దం ముందు చేసి చూశాను సార్. దవడ వదిలితే మడత దాదాపు పోతోంది. చూసి సంతోషించాల్సింది, నాకు ఏడుపొచ్చింది.

మా అన్నయ్యవీ నాలాంటి ఎత్తుపళ్లే. వాడికి ఏడో తరగతిలో నోట్లో తీసి పెట్టుకునే ప్లేట్లు పెట్టించారు, తర్వాత క్లిప్పులు. రెండేళ్లు నెలనెలా గుంటూరు తీసుకెళ్లారు. నా వంతు వచ్చేసరికి "ఆడపిల్ల, అణకువగా నోరు మూసుకుంటే కనపడదు" అంది నాయనమ్మ. నాన్న ఏమీ అనలేదు. అప్పుడు చేయిస్తే దవడే ముందుకు వచ్చేదా సార్?

గుంటూరు_దంతవైద్యుడు
అమ్మా, అబద్ధం చెప్పను. 11 నుంచి 13 ఏళ్ల మధ్య, ఎత్తు పెరిగే రోజుల్లో ట్విన్ బ్లాక్ లాంటి తీసి పెట్టుకునే ప్లేట్లు పెడితే ఎక్కువగా పళ్లు సర్దుకుంటాయి, కింది దవడ కూడా కొంత ముందుకు కుదురుకుంటుంది. అందరికీ ఒకేలా కాదు, కానీ చాలా తేడా ఉండేది. ఎదుగుదల ఆగాక అది కుదరదు.

నీలాంబరిగారూ, మీరన్న మాట రెండుసార్లు చదువుకున్నాను. ఫోటో బాగోలేదని వచ్చినవాళ్లని ఎందుకని అడగకుండా పంపేశాను. అది తప్పు. కానీ పళ్లు చూసుకోకుండా సూది వేయించుకోవద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నీలాంబరి
తీసుకోమని నేనూ అనలేదండి. నన్నయితే పళ్ల డాక్టరుకి చూపించుకోమని ఎవరూ చెప్పలేదు.

మంచిర్యాల_అమ్మ
ఇప్పటిదాక ఊరికే చదువుకుంట వచ్చిన. మా బిడ్డకి 11 నిండినయి. ఎత్తుపళ్లు, పెదవి కింద గిసుంటి మడతే. పెద్దగైనంక చూద్దాం అంటున్నరు ఇంట్ల. బాబుకైతే పోయినేడే చూపిచ్చినం.

గుంటూరు_దంతవైద్యుడు
పెద్దయ్యేదాకా ఆగొద్దమ్మా. దగ్గరలో ఆర్థోడాంటిక్స్‌లో (పళ్లు, దవడ వరుస సరిచేసే విభాగం) ఎం.డి.ఎస్. చేసిన డాక్టరుకి ఈ నెలలోనే చూపించండి. పక్కనుంచి తీసే దవడ ఎక్స్‌రే అడుగుతారు, తీయించండి.

తెనాలి_వెన్నెల
అక్కా, తప్పకుండా తీసుకెళ్లండి. వాళ్లేమన్నా సరే.

నేనూ సోమవారం ఎక్స్‌రేకి వెళ్తున్నాను. క్లిప్పులతో ఎంత తగ్గుతుందో తెలుసుకుంటాను, ఆపరేషన్ మాత్రం వద్దనుకుంటున్నాను. మిగిలిన గుంటకి ఫిల్లరు వేయించుకుంటాను. మాస్టారూ, దానికి జీఎస్టీ కడతాను. బిల్లులో అందం కోసమే అని రాసినా ఫరవాలేదు.