నవల రాయడానికి కూర్చుంటే రెండు పేరాల్లోనే దారి తప్పుతున్నాను. మీరెలా కుదురుగా రాస్తున్నారు?

గుణుపురం జిరాక్సు అడిగిన ప్రశ్న:

ఒడిశాలోని గుణుపురంలో మాకు జిరాక్సు దుకాణం ఉంది. ఆధార్ ప్రింట్లు, లామినేషన్, పరీక్షల దరఖాస్తులు అన్నీ నేనే చూస్తాను. అదే కంప్యూటర్‌లో పదకొండు నెలలుగా ఒక నవల రాస్తున్నాను. ఇప్పటికి అయినవి 32 పేజీలు. అందులో 30 మొదటి మూడు నెలల్లోనే రాశాను. మిగిలిన ఎనిమిది నెలల సంపాదన రెండు పేజీలు.

దుకాణానికి వచ్చేపోయేవాళ్ల వల్ల మనసు చెదురుతోందని మీరు అనుకోవచ్చు. కాదు. రెండు కాపీలు తీసిచ్చి, నాలుగు రూపాయలు గల్లాపెట్టెలో వేసి వచ్చేసరికి వాక్యం ఎక్కడ వదిలానో అక్కడే ఉంటుంది. చిక్కంతా ఎవరూ రానప్పుడే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా మా వీధిలో కుక్కలు కూడా నిద్రపోతాయి. సరిగ్గా అప్పుడే తప్పిపోతాను.

నవల మా అమ్మ నాన్న, అంటే మా తాతయ్య గురించి. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా మా ఊరికి వచ్చే నారోగేజి లైనులో ఆయన గ్యాంగ్‌మన్. మొన్న బుధవారం, "ఆ సాయంత్రం ఆఖరి బండి కాశీనగరం దాటింది" అని రాశాను. వెంటనే అనుమానం వచ్చింది, అప్పటికి లైను ఇక్కడి దాకా ఉందా అని. వెతికాను. పర్లాకిమిడికి 1900లో వచ్చింది, గుణుపురం దాకా 1931లో వేశారు. నా కథ జరిగేది 1936లో. సరిపోయింది. అక్కడితో వెనక్కి రావాలా, వద్దా? పట్టాల మధ్య రెండున్నర అడుగులని చదివాను. 2004లో ఆ బండి ఆగిపోవడం, 2011లో బ్రాడ్‌గేజి మీద మళ్లీ రైలు గుణుపురం రావడం చదివాను. పాత ఇంజన్ల ఫొటోలు చూశాను. అక్కడి నుంచి ఊటీ రైలు వీడియోలోకి ఎలా వెళ్లానో నాకే తెలియదు. తలెత్తేసరికి నాలుగున్నర. ఎదురుగా ఒక పిల్లవాడు కుల ధ్రువపత్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజుకు నేను రాసింది ఒక్క వాక్యం.

ఇంకొకటి కూడా ఉంది. నేను బడిలో చదివింది ఒడియా. తెలుగు అమ్మ దగ్గర, ఇంటికొచ్చే వారపత్రికల దగ్గర నేర్చుకున్నాను. అందుకని ప్రతి నాలుగో మాట దగ్గరా ఇది రాతలో చెల్లుతుందా, మా ఇంటి మాటేనా అని ఆగుతాను. నిఘంటువు తెరుస్తాను. అది మూసేసరికి తాతయ్య ఎక్కడున్నాడో మరిచిపోతాను.

ఫోను పక్క గదిలో పెట్టమని మాత్రం చెప్పకండి. మాకు పక్క గది లేదు. పైగా ఓటీపీలన్నీ వచ్చేది ఆ ఫోనుకే.

బరంపురం పింఛనుదారు:

అమ్మా, నేను ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో లెక్కలు చూశాను. సాయంత్రం పద్దుల్లో పద్దెనిమిది రూపాయలు తేడా వస్తే దానికోసం అర్ధరాత్రి దాకా దీపాలు వెలిగించుకుని కూర్చోము. సస్పెన్స్ ఖాతాలో వేసి, పుస్తకం మూసి ఇంటికి వెళ్తాము. తేల్చడం తరువాతి పని.

మీ నవలకూ ఒక సస్పెన్స్ ఖాతా తెరవండి. తేదీ తెలియలేదా, మాట మీద అనుమానమా, అక్కడ "ఱఱ" అని కొట్టి ముందుకు వెళ్లండి. బండి ఱను ఇప్పుడు ఎవరూ ముట్టుకోవడం లేదు. రెండు పక్కపక్కన విడిగా నిలబడే మాట తెలుగులో నాకు కనిపించలేదు. తరువాత వెతికితే మీరు పెట్టినవే దొరుకుతాయి. ఇంగ్లీషు పత్రికల వాళ్లు ఇదే పనికి "టీకే" అని రాసుకుంటారు. మనకు బండి ఱ ఉండగా అదెందుకు? మీ కథలో ఎలాగూ బండి ఉంది.

వారానికి ఒక రోజు, ఒక్క గంట, ఆ ఖాతా తేల్చండి. పేరుకుపోనిస్తే ఆడిటరు ఊరుకోడు.

రాయగడ 25:

పొమొడోరో పద్ధతి పాటించండి. 25 నిమిషాలు రాయడం, 5 నిమిషాలు విరామం. నాకు బాగా పనిచేసింది.

సిరొంచ నోటుబుక్కు:

ఆ పద్ధతి కనిపెట్టిన ఫ్రాంచెస్కో సిరిల్లో 1980ల చివర్లో విద్యార్థి. చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు గడియారం తిప్పి ఎదురుగా పెట్టుకున్నాడు. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటాయే. పాఠాలకు మంచిదే, నేనూ దిద్దుబాటుకు వాడతాను. కథకు మాత్రం నాకు కుదరలేదు. మూడు రోజులుగా మూగగా కూర్చున్న పాత్ర నోరు విప్పబోయే నిమిషంలోనే అది మోగుతుంది.

అక్కా, మాది గడ్చిరోలి జిల్లాలో సిరొంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మీ పదాల అవస్థ నాకు బాగా తెలుసు. మొదటి ప్రతి కంప్యూటర్‌లో రాయకండి. నేను రూళ్ల నోటుబుక్కులో కుడి పేజీ కథకు, ఎడమ పేజీ అనుమానాలకు ఉంచుతాను. ఎడమ పేజీ నిండుతుంటే కుడి పేజీకి ధైర్యం వస్తుంది. వేసవిలో మా ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా అందరూ తిట్టుకుంటారు, నేను రెండు పేజీలు రాస్తాను.

రోజు ముగించేటప్పుడు వాక్యం సగంలో ఆపండి. మర్నాడు ఖాళీ కాగితం మిమ్మల్ని బెదిరించదు.

పర్లాకిమిడి టీచరు:

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మూడు నెలల్లో 30 పేజీలు రాసిన మనిషి 31వ పేజీ దగ్గర ఎందుకు చతికిలబడింది? అప్పుడూ ఫోను ఉంది, నిఘంటువు ఉంది, ఊటీ రైలూ ఉంది.

1936 అన్నారు. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. మా ఊరు, మీ ఊరు మద్రాసు కింద నిద్రపోయి ఒడిశాలో లేచాయి. మీ కథ ఆ రోజు దగ్గరికి వచ్చిందని నా ఊహ. రాయడానికి భయమేసే చోటే మనకు పట్టాల వెడల్పు కావలసివస్తుంది. అమ్మ జబ్బు మీద కథ రాస్తూ, ఆమె మంచం టేకుదా మద్దిదా అని నేను ఒక ఆదివారమంతా తలబద్దలు కొట్టుకున్నాను. ఆ మంచం ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

పదాల సంగతి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా ఊళ్లో. సవరల భాష నేర్చుకున్నదీ, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పండితులతో పోరు మొదలుపెట్టిందీ ఇక్కడి నుంచే. 1936లో ఆ సరిహద్దు గీత పడ్డాక ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన తిరిగిన నేల పక్కనే కూర్చుని, మీ అమ్మగారి మాట చెల్లుతుందో లేదో ఎవరి అనుమతి కోసం చూస్తున్నారు?

గుణుపురం జిరాక్సు, మూడు వారాల తరువాత:

అందరికీ నమస్కారం. ఆలస్యానికి క్షమించండి, దరఖాస్తుల రోజులు.

బండి ఱ పనిచేసింది. మొదటి వారం పేజీకి పదకొండు పడ్డాయి, ఇప్పుడు మూడో నాలుగో. సగానికి పైగా తేల్చేటప్పుడు అక్కర్లేదని కొట్టేశాను. తమ్ముడూ, నోటుబుక్కు కూడా తెరిచాను. గల్లాపెట్టె పక్కన పెట్టాను కదా, అప్పుల పద్దనుకుని ఇద్దరు తమ పేరు ఉందేమోనని తొంగిచూశారు. వాక్యం సగంలో ఆపడం మాత్రం నాకు పడలేదు. రాత్రి రెండింటికి లేచి పూర్తిచేశాను. చప్పుడికి మావారు దొంగ అనుకుని కర్ర అందుకున్నారు.

పర్లాకిమిడి టీచరు గారూ, మీ మీద రెండు రోజులు కోపంగానే ఉన్నాను. 31వ పేజీలో మా తాతయ్య అన్నగారు సామాను కట్టుకుని గీతకు అవతల ఉన్న టెక్కలి వెళ్లిపోతారు. తాతయ్య వెళ్లరు. మళ్లీ ఆ అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. ఎందుకో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. స్టేషన్‌లో వాళ్లు ఏమనుకున్నారన్న చోట "ఱఱ" పెట్టాను. శనివారం తేదీలన్నీ తేలాయి, అది తేలలేదు. ఏ కంప్యూటర్‌లోనూ లేదు కదా.

అమ్మను అడిగాను. చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "మీ పెదతాత గొడుగు మరిచిపోయి వెళ్లాడు. నా పెళ్లి దాకా అటక మీదే ఉండేది, నాన్న దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు" అంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం షట్టరు దించి గొడుగు గురించి రాశాను. ఆరు పేజీలు. స్టేషన్‌లో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు. మధ్యలో ఎవరో షట్టరు కొట్టారు. తీయలేదు.

ఈ ఉదయం ఆ పిల్లవాడే వచ్చి, నిన్న దుకాణం ఎందుకు మూశారని అడిగాడు. ఆధార్ జిరాక్సు, రెండు వైపులా, మూడు కాపీలు.