కార్డు మధ్యలో లాగేస్తే: స్లాట్‌కి లాక్ పెట్టాలా, కరెంటు తీసేస్తే సరిపోతుందా?

కియోస్క్_గుంటూరు:
బిల్లులు కట్టించుకునే కియోస్క్‌కి చిప్ కార్డు రీడర్ ఎంచుకోవాలి. పని సగంలో ఉండగానే జనం కార్డు పీకేస్తారన్నది తెలిసిందే. ఏటీఎంలలో ఇప్పుడు చాలాచోట్ల పని పూర్తయ్యేదాకా స్లాటే కార్డును పట్టుకుని ఉంచుతోంది. ఇక్కడా అలాగే లాక్ పెట్టాలని కొందరి మాట. లాక్ దండగ, కార్డు కదలగానే రీడర్ దానికిచ్చే కరెంటు తీసేస్తే చాలని ఇంకొందరంటున్నారు. కారణాలతో చెప్పండి.

బోర్డు_పని:
లాక్ ఉన్నా లేకున్నా కరెంటు సరిగ్గా తీయాల్సిందే. దానికి చిప్ కార్డుల ప్రమాణం ఐఎస్ఓ 7816-3లో వరస ఉంది: ముందు రీసెట్ లైన్ కిందికి, తర్వాత క్లాక్, ఆపైన ఐ/ఓ (డేటా లైన్), చివర్లో వీసీసీ (కార్డుకు కరెంటిచ్చే లైన్).

దీనికి ఎంత టైముందో లెక్కేయండి. కార్డు మీద కాంటాక్ట్ పలక కనీస కొలత 2 × 1.7 మి.మీ. దాన్ని తాకే రీడర్ స్ప్రింగ్ సరిగ్గా నడిమధ్య కూర్చుందనుకున్నా, జారిపోవడానికి ఉన్నది 1 మి.మీ. సెకనుకు 1 మీటరు వేగంతో లాగితే అది 1 మిల్లీసెకను. కార్డు ఉందో లేదో చెప్పే స్విచ్ తెరుచుకునే లోపే అందులో కొంత పోతుంది. టీడీఏ8024 లాంటి ఇంటర్‌ఫేస్ చిప్ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండి ఈ లైన్లను నడిపేది) 100 మైక్రోసెకన్ల లోపు వరస మొత్తం ముగిస్తుంది. ఆలోగా కార్డు కదిలేది 0.1 మి.మీ. మాత్రమే. ప్రాసెసర్ 50 మిల్లీసెకన్లకోసారి స్విచ్ చూసే డిజైన్ అయితే కార్డు 5 సెంటీమీటర్లు బయటికొచ్చేసి ఉంటుంది.

లైన్లలో కరెంటు ఉండగానే కార్డు జారితే ఏమవుతుందో కూడా చూడండి. రెండు వరసల కాంటాక్టుల మధ్య దూరం 7.62 మి.మీ. కార్డు అంత దూరం రాగానే రీడర్ గ్రౌండ్ స్ప్రింగ్ వచ్చి కార్డు వీసీసీ పలక మీద, ఐ/ఓ స్ప్రింగ్ వచ్చి క్లాక్ పలక మీద కూర్చుంటాయి.

ఫర్మ్‌వేర్_గోదారి:
అలా కొంతసేపటికోసారి చూడటం (పోలింగ్) తప్పే, ఒప్పుకుంటాను. కానీ దానికోసం వేరే చిప్ ఎందుకండీ? స్విచ్‌ని ఇంటరప్ట్‌కి (ప్రాసెసర్ చేస్తున్న పని ఆపించి వెంటనే పిలిచే సిగ్నల్) కలిపితే 10 మైక్రోసెకన్లలో కోడ్ లైన్లను కిందికి లాగేస్తుంది. బోర్డు ఖర్చు తగ్గుతుంది.

బోర్డు_పని:
మామూలప్పుడు లాగుతుంది. అదే ప్రాసెసర్ తన ఫ్లాష్‌లో పేజీ చెరుపుతుంటే? చాలా చిన్న కంట్రోలర్లలో ఆ పని అయ్యేదాకా ఫ్లాష్ నుంచి కోడ్ నడవదు, మిల్లీసెకన్ల కొద్దీ ఆగిపోతుంది. చెల్లింపు యంత్రం ఫ్లాష్‌లో రాసేది కూడా లావాదేవీ మధ్యలోనే, అంటే కార్డు లోపలున్నప్పుడే. ఆ ఇంటరప్ట్ కోడ్‌ని ర్యామ్‌లో పెడితే నయం, కానీ ప్రాసెసరే హ్యాంగ్ అయితే గతేమిటి? ఈ పని ఫర్మ్‌వేర్‌ని, అంటే ప్రాసెసర్‌లో నడిచే ప్రోగ్రామ్‌ని, అడగకుండా జరిగిపోవాలి.

స్విచ్_మెకానిక్:
అందరూ చిప్ దగ్గరే ఆగిపోయారు, అసలు గొడవంతా స్విచ్‌లో ఉంది.

కార్డు పెడితే మూసుకునే రకం తీసుకోండి. తీగ తెగినా, దుమ్ము పట్టినా 'కార్డు లేదు' అనే చూపిస్తుంది, కరెంటు పోతుంది. కార్డు పెడితే తెరుచుకునే రకంలో తీగ తెగితే ఖాళీ స్లాట్ కూడా 'కార్డు ఉంది' అంటుంది, స్ప్రింగుల మీద వోల్టేజి నిలిచే ప్రమాదం ఉంటుంది.

మొదటి రకంతో తిప్పలు లేవని కాదు. పుల్-అప్ (స్విచ్ లైన్‌ని పైకి లాగి ఉంచే రెసిస్టర్) 1 మెగా ఓమ్ పెడితే స్విచ్‌లో పారేది 3 మైక్రోయాంపులు, పట్టిన పొరను అది ఛేదించలేదు. కార్డు లోపలే ఉన్నా తీసేసినట్టు కనిపించి లావాదేవీ తెగుతుంది. 3.3 వోల్టులకు 10 కిలో ఓములు పెట్టండి, 0.33 మిల్లీయాంపులు వస్తాయి. డీబౌన్స్, అంటే స్విచ్ అదురు తగ్గేదాకా ఆగడం, కార్డు పెట్టేటప్పుడు మాత్రమే, 8 మిల్లీసెకన్లు చాలు. తీసేటప్పుడు అస్సలు వద్దు, మొదటి కదలికకే కరెంటు పోవాలి.

ఇంకోటి. వీసీసీకి 'బలంగా ఉంటుందని' 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడుతుంటారు. దాన్ని ఖాళీ చేసే 10 కిలో ఓమ్ రెసిస్టర్‌ (బ్లీడర్)తో దాని టైమ్ కాన్‌స్టంట్ (వోల్టేజి దిగే వేగానికి కొలత) 100 మిల్లీసెకన్లు, కార్డు చేతిలోకొచ్చాక కూడా స్ప్రింగ్ మీద వోల్టేజి ఉంటుంది. చిప్ దగ్గర 100 నానోఫారడ్లు, సాకెట్ దగ్గర ఇంకో 100 చాలు.

కియోస్క్_గుంటూరు:
ఇవన్నీ చేస్తే లాక్ అక్కర్లేదనేనా?

యాప్లెట్_రాత:
ఎలక్ట్రికల్‌గా అక్కర్లేదు. కానీ కార్డు లోపలి డేటా మాటేమిటి? కార్డులోని చెరగని మెమరీ (ఈఈప్రామ్) రాయడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. 100 మైక్రోసెకన్లలో కరెంటు తీస్తే ఆ రాత సగంలో తెగినట్టే. రీడర్ ఎంత శుభ్రంగా ఆపినా దీన్ని కాపాడలేదు, కార్డు సాఫ్ట్‌వేర్ కాపాడుకోవాలి. జావా ప్రోగ్రాములు నడిపే కార్డు (జావా కార్డు)లో మొదలు, ఖరారు చెప్పే బిగిన్ ట్రాన్సాక్షన్, కమిట్ ఆదేశాల మధ్య తెగితే మళ్ళీ కరెంటు రాగానే పాత విలువే వస్తుంది. పాత విలువలు దాచే ఆ బఫర్ చిన్నది కాబట్టి పెద్ద రికార్డులకు రెండు కాపీలు ఉంచి, కొత్తది పూర్తిగా రాశాకే ఏది చెల్లుతుందో చెప్పే ఒక్క బైటును మార్చాలి. పిన్ కౌంటర్ (ఇంకా ఎన్ని ప్రయత్నాలు మిగిలాయో చెప్పే లెక్క) అయితే పిన్ పోల్చడానికి ముందే తగ్గించాలి. లేదంటే తప్పు పిన్ కొట్టి, కౌంటర్ తగ్గేలోపు కార్డు లాగి, ఎన్నిసార్లయినా ప్రయత్నించొచ్చు.

అందుకే లాక్‌కి నా ఓటు లేదు. లాక్ ఉందన్న ధీమాతో ఇవి రాయకుండా వదిలేస్తారు. కరెంటు పోతే లాక్ ఏం చేస్తుంది?

స్విచ్_మెకానిక్:
మనిషి కాపలా లేని కియోస్క్‌కి లాక్ కావాలనే నేనంటాను. కాకపోతే కరెంటు ఉంటేనే పట్టుకునే సోలినాయిడ్ (విద్యుదయస్కాంత మీట), పోతే స్ప్రింగ్ విడిపించే రకం అయ్యుండాలి. కార్డు మందం 0.76 మి.మీ. మాత్రమే, లాక్ పట్టుకోగా గుంజితే ముందు పగిలేది చిప్పే. స్లాట్ దగ్గర ఎర్రదీపం, తెలుగులో 'కార్డు తీయవద్దు' అన్న మాట లేకుండా లాక్ పెట్టడం అన్యాయం.

ఫర్మ్‌వేర్_గోదారి:
కార్డు లోపల ఉండాల్సిన టైమునే తగ్గించొచ్చు కదా. వీసా 2016లో తెచ్చిన క్విక్ చిప్ పద్ధతిలో బ్యాంకు జవాబు రాకముందే కార్డుతో పని ముగుస్తుంది, తీసేసుకోవచ్చు.

యాప్లెట్_రాత:
దానికీ ఓ మూల్యం ఉంది. కార్డులో మార్పులు చేయమని బ్యాంకు పంపే ఆదేశాలు (ఇష్యూయర్ స్క్రిప్టులు) అప్పుడు కార్డుకు చేరవు, పిన్ అన్‌బ్లాక్ లాంటివి ఆ దారిలో కుదరవు. మీ కియోస్క్‌కి అవి అనవసరమైతే, మీ బ్యాంకు ఒప్పుకుంటే వాడండి.

ఒకవేళ మామూలు పద్ధతే అయితే ఆన్‌లైన్ అభ్యర్థన పంపకముందే రివర్సల్ (లావాదేవీ రద్దు చేయమనే సందేశం) రికార్డు చెరగని మెమరీలో రాసుకోండి. బ్యాంకు సరేనన్నాక కార్డు తన రెండో క్రిప్టోగ్రామ్ (లావాదేవీకి కార్డు ఇచ్చే రహస్య సంతకం లాంటిది) ఇవ్వకుండా పోతే ఆ రివర్సల్ వెళ్ళితీరాలి, కరెంటు పోయి వచ్చినా సరే. డబ్బు కట్ అయి, అంగడి యంత్రానికి ఖరారు రాకపోతే ఐదు రోజుల్లో తిరిగి వేయాలని, దాటితే రోజుకు ₹100 ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో చెప్పింది. కట్టినవాడు ఆ ఐదు రోజులు ఎదురుచూసే పరిస్థితి మీ యంత్రం వల్ల రాకూడదు.

బోర్డు_పని:
కొనేముందు రెండు పరీక్షలు పెట్టండి. నాలుగు ఛానెళ్ళ ఆసిలోస్కోపు తీసుకుని వీసీసీ, రీసెట్, క్లాక్, ఐ/ఓ చూస్తూ, స్విచ్ సిగ్నల్‌ని బయటి ట్రిగ్గర్‌గా పెట్టి 5, 3, 1.8 వోల్టుల కార్డులు లాగండి. వరస తప్పినా, వీసీసీ 0.4 వోల్టుల కిందికి ఆలస్యంగా దిగినా ఆ రీడర్ వద్దు. రెండోది, వీసీసీ దారిలో మాస్‌ఫెట్ (కరెంటు కోసే ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టి, రాసే కమాండ్ మొదలైనప్పటి నుంచి 100 మైక్రోసెకన్ల అంతరంతో ఒక్కోసారి ఒక్కో చోట కరెంటు కోయండి. కోసిన ప్రతిసారీ కార్డు మళ్ళీ పెట్టి చదివితే పాత విలువ గానీ కొత్త విలువ గానీ రావాలి. మూడోది ఏదైనా కనపడిందంటే లాక్ ఉన్నా ఆ వ్యవస్థ పనికిరాదు.