కంపెనీ ట్యూన్‌లో ఉన్న టర్బో కారుకి విడిగా గేజ్‌లు కావాలా, అక్కర్లేదా?

ఎర్ర హ్యాచ్:
నాది 1.4 లీటర్ల టర్బో పెట్రోల్. ఇంజన్, ట్యూనింగ్ అంతా కంపెనీ ఇచ్చినట్టే ఉంది. డాష్‌బోర్డులో ఆర్‌పీఎం, స్పీడు, కూలెంట్ ముల్లు తప్ప ఏమీ కనిపించవు. 52 ఎంఎం గేజ్‌లు మూడు పెట్టిద్దామనుకుంటున్నా: బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ప్రెషర్), ఆయిల్ ప్రెషర్, ఆయిల్ టెంపరేచర్. ఏ-పిల్లర్ (ముందు అద్దం పక్క స్తంభం) మీద బిగించే పాడ్ (గేజ్‌లు కూర్చునే గూడు) కూడా చూసి ఉంచాను. ఫ్రెండ్ ఏమో ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) అడాప్టర్ తగిలించి ఫోన్‌లో చూసుకుంటే చాలు, ఉన్న డాష్‌బోర్డు ఎందుకు పాడుచేసుకుంటావు అంటున్నాడు. పెట్టించినవాళ్లు, పెట్టించి తీసేసినవాళ్లు చెప్పండి.

పాత రెంచి:
మీ ఫ్రెండ్ చెప్పింది వినండి. నేను షెడ్డు నడుపుతాను, గేజ్‌ల వల్ల వచ్చిన పనులు చాలా చేశాను.

ఒక్కో గేజ్ అంటే ఇంజన్‌కి ఒక్కో కొత్త రంధ్రం, ఒక్కో కొత్త జాయింటు. బూస్ట్ గేజ్ కోసం వ్యాక్యూమ్ హోస్ కోసి టీ (మూడు దారుల జాయింటు) పెడతారు. అది వేస్ట్‌గేట్‌కి (బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే తలుపు) వెళ్లే హోస్ మీద పెట్టారంటే, ట్యూబ్ ఊడిన రోజు వేస్ట్‌గేట్‌కి ప్రెషర్ అందదు, తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటుతుంది. ఆయిల్ ప్రెషర్ కోసం ఫిల్టర్ కింద శాండ్‌విచ్ ప్లేటు పెడతారు. తర్వాత ఎవరో ఫిల్టర్ విప్పుతుంటే ప్లేటు నడిమి బోల్టు కూడా వదులవుతుంది, అక్కడ కారడం మొదలవుతుంది. మెకానికల్ ఆయిల్ గేజ్ అయితే ఇంకా ఘోరం, మరిగే ఆయిల్‌ని సన్న గొట్టంలో మీ మోకాళ్ల దగ్గరికి తెచ్చుకోవడమే.

అన్నిటికంటే పెద్ద తప్పు టెఫ్లాన్ టేప్. సెండర్ (గేజ్‌కి కొలత పంపే సెన్సార్) త్రెడ్డుకి టేప్ చుట్టి బిగిస్తారు. సెండర్‌కి ఎర్త్ అందేది ఆ త్రెడ్డు నుంచే. టేప్ అడ్డుపడితే ముల్లు ఇష్టమొచ్చినట్టు ఆడుతుంది. టేప్ పీలికలు ఆయిల్‌లో కలిసి టర్బో ఫీడ్ లైన్‌లోని సన్న రంధ్రంలో ఇరుక్కుంటే బేరింగ్ పోతుంది. కంపెనీ వాళ్లు ఆలోచించే ఆ గేజ్‌లు పెట్టలేదు.

రెండో గేర్:
బూస్ట్ గేజ్ ఉంటే క్యాబిన్ బాగుంటుంది. అంతకు మించి నాకైతే ఉపయోగం కనబడలేదు.

రాడ్ బేరింగ్:
"కంపెనీ వాళ్లు ఆలోచించే పెట్టలేదు" అన్నారు. వాళ్లు ఏం ఆలోచించారో కూడా చెప్పాలి కదా.

కూలెంట్ ముల్లు చూడండి. చాలా కార్లలో సుమారు 75 డిగ్రీల నుంచి 105 దాకా అది మధ్యలోనే నిలబడి ఉంటుంది. కావాలనే అలా చేస్తారు, ముల్లు కాస్త కదిలితే జనం సర్వీస్‌కి పరిగెత్తుతారని. ముల్లు కదిలేసరికి వ్యవహారం ముదిరిపోయి ఉంటుంది. మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరంలో తొలి ఏళ్లలో నిజమైన ఆయిల్ ప్రెషర్ గేజ్ ఉండేది. 1995 నుంచి గేజ్ రూపం అలాగే ఉంచి, వెనక స్విచ్ పెట్టారు. ప్రెషర్ ఉంటే ముల్లు మధ్యలో, లేకపోతే కింద. నడిపేవాడు అది కొలత అనుకుంటాడు.

ఇక ఎర్ర ఆయిల్ లైటు. దాని స్విచ్ మామూలుగా 0.3 నుంచి 0.5 బార్ దగ్గర పడుతుంది. అది ఐడిల్‌కి (బండి నిలబడి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) సరిపోయే హద్దు. 4000 ఆర్‌పీఎం దగ్గర 3 బార్ ఉండాల్సింది 1 బార్‌కి పడిపోయినా లైటు వెలగదు. నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బో షాఫ్ట్ తేలేది ఆ ఆయిల్ పొర మీదే.

నా ఇంజన్ అలాగే పోయింది. ఏదో శబ్దం వస్తోందని ఒక షెడ్డుకి తీసుకెళ్తే "లైటు వెలగలేదు కదండీ, భయం లేదు" అన్నారు. నమ్మి నడిపాను. కొద్ది రోజులకే రాడ్ బేరింగ్ (పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండే బేరింగ్) కొట్టుకోవడం మొదలైంది. లైటు అప్పటికీ వెలగలేదు.

సర్క్యూట్:
ఓబీడీ గురించి ఒక మాట. ప్రామాణిక ఓబీడీ-2లో కూలెంట్ టెంపరేచర్, మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్) దాదాపు ప్రతి టర్బో కారూ చెబుతుంది. ఆయిల్ టెంపరేచర్‌కి కోడ్ ఉంది, అన్ని కార్లూ జవాబివ్వవు. ఆయిల్ ప్రెషర్‌కి ప్రామాణిక కోడే లేదు. కొన్ని కంపెనీలు సొంత కోడ్‌లో ఇస్తాయి, అదీ కారులో అసలు ప్రెషర్ సెన్సార్ ఉంటేనే. స్విచ్ మాత్రమే ఉన్న కారులో ఏ యాప్ పెట్టినా ఆ అంకె పుట్టదు.

మ్యానిఫోల్డ్ ప్రెషర్ మామూలు కోడ్‌లో ఒక బైటే, అంటే 0 నుంచి 255 కిలోపాస్కల్స్. అందులో గాలి పీడనం సుమారు 101 తీసేస్తే 1.5 బార్ బూస్ట్ వరకు కనిపిస్తుంది. కంపెనీ ట్యూన్‌లో ఉన్న చిన్న పెట్రోల్ ఇంజన్ మామూలుగా అంత దూరం పోదు. కాబట్టి బూస్ట్‌కి ఫోన్ చాలు, ఆయిల్ ప్రెషర్‌కి చాలదు.

పాత రెంచి:
రాడ్ బేరింగ్ గారూ, మీ ఇంజన్ పోయినందుకు బాధగానే ఉంది. కానీ టేప్ సంగతికి మీరు జవాబివ్వలేదు. త్రెడ్డులో టేప్ ఉంటే మీ గేజ్ చూపించేదీ అబద్ధమే. ఇంకో మాట, కొన్ని కంపెనీలు రెండు స్విచ్‌లు పెట్టాయి, ఐడిల్‌కి ఒకటి, పై ఆర్‌పీఎంకి ఒకటి. అందరినీ ఒకే గాటన కట్టకండి.

రాడ్ బేరింగ్:
టేప్ వల్ల ఎర్త్ పోయే సమస్య ఒక్క వైరు సెండర్లకే. ఇప్పుడు వచ్చే మంచి ఎలక్ట్రానిక్ సెన్సార్లకి ఎర్త్ వైరు విడిగా వస్తుంది. టేప్ బదులు లిక్విడ్ సీలెంట్ వాడొచ్చు. అసలు చూసుకోవాల్సింది త్రెడ్డు సైజు. సెన్సార్ 1/8 ఎన్‌పీటీ (అమెరికా త్రెడ్డు), బ్లాక్ 1/8 బీఎస్‌పీటీ (బ్రిటిష్ త్రెడ్డు) అయితే ఒకదానికి అంగుళానికి 27 చుట్లు, ఇంకోదానికి 28, కోణాలూ వేరు. మొదటి రెండు చుట్లు చక్కగా ఎక్కుతుంది, తర్వాత బలవంతంగా తిప్పితే అల్యూమినియం పగులుతుంది.

పాత రెంచి:
ఒక్క వైరు సెండర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు, చవకగా వస్తాయని జనం వాటినే తెచ్చి నా చేతిలో పెడుతున్నారు. నేను మాట్లాడేది నా ముందుకొచ్చే కార్ల గురించి. మీరు కేటలాగ్‌లో ఉన్న సెన్సార్ల గురించి మాట్లాడుతున్నారు.

నీలం సెడాన్:
టేప్ గొడవలో ఒకటి మరిచిపోతున్నారు. ఏ-పిల్లర్ పాడ్ అన్నారు కదా. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క అద్దాల మీదికి తెరుచుకునేది) ఉన్న కార్లలో చాలావాటికి ఆ బ్యాగ్ ముందు కొస పిల్లర్ ట్రిమ్ వెనకే ఉంటుంది. అక్కడ స్క్రూ దిగితే ఏమవుతుందో చూసుకోండి.

రాడ్ బేరింగ్:
రెంచి గారూ, చవక సెండర్ తెచ్చినవాడికి "ఇది వద్దు, అది తెచ్చుకో" అని చెప్పడం మీ పని కాదా? బిగించేవాడు సరిగ్గా బిగించకపోతే తప్పు గేజ్‌ది ఎలా అవుతుంది?

పాత రెంచి:
చెబుతాను, వినరు. ఒక కారుకి బరువైన సెండర్‌ని ఇత్తడి అడాప్టర్ మీద నేరుగా వేలాడదీశారు. బిగించింది నేను కాదు. నేను చేసింది ఆయిల్ మార్చడం ఒక్కటే. ఇంజన్ వైబ్రేషన్‌కి ఆ ఇత్తడి ముక్క అలసి విరిగింది, ఆయిల్ మొత్తం రోడ్డు పాలైంది. ఆయన వచ్చి "చివరిసారి చేయి పెట్టింది నువ్వే" అని నలుగురి ముందు తిట్టాడు. విరిగిన ముక్క చూపించినా ఒప్పుకోలేదు. ఆ తర్వాత నుంచి గేజ్ ఉన్న కారు వస్తే ముందు ఫొటోలు తీసుకుంటున్నాను.

రాడ్ బేరింగ్:
అంటే మీ కోపం ఒక కస్టమర్ మీద, దానికి అందరూ గుడ్డిగా నడపాలా? ఉన్నమాట చెబుతాను. గేజ్ ఉంటే మెకానిక్ "భయం లేదు" అన్నప్పుడు కారు గలవాడు సరిచూసుకోగలడు. మీకు నచ్చనిది అదే.

రెండో గేర్:
ఇద్దరూ కాస్త తగ్గండి.

పాత రెంచి:
తగ్గను. నచ్చదనే చెబుతున్నాను, ఎందుకో వినండి.

అంకె కనపడటం వేరు, అంకె అర్థం కావడం వేరు. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో 1 బార్ చూపిస్తే చాలా ఇంజన్లకి అది ఆరోగ్యమే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 5 చూసిన కళ్లకి ఆ 1 చూస్తే టెన్షన్. నా దగ్గరికి వచ్చి 20డబ్ల్యూ-50 పోయమంటారు. చిక్కటి ఆయిల్ పోస్తే అంకె పెరుగుతుంది, నిజమే. కానీ ప్రెషర్ పెరగడమంటే ఆయిల్ ఎక్కువగా పారడం కాదు, అడ్డు పెరగడం కూడా కావచ్చు. చల్లటి స్టార్ట్‌లో టర్బోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. 5డబ్ల్యూ-30 పోయమని పుస్తకంలో రాసిన ఇంజన్‌ని ముల్లు కోసం పాడుచేస్తున్నారు. వద్దంటే నేను ఏదో దాస్తున్నానంటారు. అందుకే ఆ ముల్లు లేకపోతే బాగుండు అంటాను.

రాడ్ బేరింగ్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. టేప్, శాండ్‌విచ్ ప్లేటు అంటూ తిప్పారు. ఇప్పుడు వాదన తేలింది: అంకె కారు గలవాడి చేతిలో ఉండాలా, మెకానిక్ చేతిలో ఉండాలా?

అర్థం కాని అంకె భయపెడుతుందన్నది ఒప్పుకుంటాను. అందుకని దాచడం ఒప్పుకోను. నా ఇంజన్‌లో ఆ అంకె ఎక్కడా లేదు, నా దగ్గరా లేదు, ఆ షెడ్డు దగ్గరా లేదు. వాళ్లు గేజ్ పెట్టి కొలవనే లేదు. లైటు చూసి మాట్లాడారు. శబ్దం వస్తోందని కారు తెస్తే మాస్టర్ గేజ్ పెట్టి కొలిచేవాళ్లు ఎంతమంది?

పాత రెంచి:
శబ్దం అని వస్తే నేను స్విచ్ విప్పి ఆ స్థానంలో గేజ్ పెట్టి కొలుస్తాను, ఐడిల్‌లో, 3000 దగ్గర, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక. మీకు అలా చేయని షెడ్డు చేసింది అన్యాయమే, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ రోజూ చూసుకోవడానికి శాశ్వతంగా బిగించడం వేరు. నడిపేవాడు రోడ్డు చూడాలి. ప్రెషర్ పడిపోయిన ఆ కొన్ని సెకన్లలో ముల్లు మీద కన్ను ఉంటుందా?

సర్క్యూట్:
అందుకే హద్దు దాటితే లైటు, బజర్ ఇచ్చే గేజ్ తీసుకోవాలి. ఆర్‌పీఎం కూడా చదివి, ఆర్‌పీఎంకి తగ్గ ప్రెషర్ లేకపోతే మోగేవి ఇంకా మంచివి. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 బార్ అని పాతకాలపు లెక్క ఒకటుంది. దాన్ని పట్టుకుని వేలాడొద్దు, మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న కనీస ప్రెషరే సరైన హద్దు. కొత్త ఇంజన్లలో కొన్నిటికి ఆయిల్ పంపు రెండు స్థాయిల్లో పనిచేస్తుంది, తక్కువ లోడ్‌లో కావాలనే ప్రెషర్ తగ్గిస్తుంది. ఆ సంగతి తెలియకపోతే రెంచి గారు చెప్పిన టెన్షనే.

నీలం సెడాన్:
మళ్లీ అడుగుతున్నా. ఎర్ర హ్యాచ్ గారూ, పిల్లర్ ట్రిమ్ మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందా? ఇది టేప్ కంటే ముఖ్యం. బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ట్రిమ్ ఎటు వంగాలో లెక్క ప్రకారం చేస్తారు. దాని మీద పాడ్ అతికించినా లెక్క మారుతుంది, స్క్రూ లేకపోయినా సరే. ఊడిన పాడ్ నేరుగా ముఖం మీదికి వస్తుంది.

ఎర్ర హ్యాచ్:
ఇప్పుడే చూశాను, గుర్తు ఉంది. పాడ్ ఆలోచన మానేశాను. స్టీరియో కింద ఖాళీ అర ఉంది, 52 ఎంఎం గేజ్ అక్కడ పడుతుంది. ఒక్కటే పెడతాను, ఆయిల్ ప్రెషర్, ఎర్త్ వైరు విడిగా ఉన్న సెన్సార్‌తో. బూస్ట్ ఫోన్‌లో చూసుకుంటా, హోస్ కోయను. ఇంతకీ సెన్సార్ ఎక్కడ బిగించాలి?

పాత రెంచి:
నేను పెట్టొద్దనే అంటాను. పెడతానంటే ఇలా చేయించండి. శాండ్‌విచ్ ప్లేటు వద్దు. కంపెనీ స్విచ్ స్థానంలో టీ అడాప్టర్ బిగించి, స్విచ్‌ని దానికి తగిలించండి. ఎర్ర లైటు పనిచేస్తూనే ఉండాలి. సెన్సార్‌ని టీ మీద వేలాడదీయొద్దు. అల్లిక ఉన్న హోస్ వేసి, సెన్సార్‌ని బాడీకి క్లాంపుతో పట్టించండి, ఎగ్జాస్ట్‌కి దూరంగా. పవర్ ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే లైన్ నుంచి, చిన్న ఫ్యూజ్‌తో. వైరు తోలు గీకి చుట్టే పని ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. కొన్ని రోజులు నడిపాక జాయింట్లన్నీ మళ్లీ చూడాలి.

రాడ్ బేరింగ్:
దీనికి ఒకటి కలుపుతాను. ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో ఎంత, 3000 దగ్గర ఎంత అన్నది రాసిపెట్టుకోండి. అప్పుడే తర్వాత చూసే అంకెకి అర్థం ఉంటుంది. రెంచి గారు భయపడే ఆ 20డబ్ల్యూ-50 గొడవ కూడా రాదు. అలా రాసుకున్న కాగితం తెచ్చిన కస్టమర్‌ని కూడా వద్దంటారా రెంచి గారూ?

పాత రెంచి:
కాగితం తెస్తే కూర్చోబెట్టి మాట్లాడతాను. ఇంతవరకు ఒక్కరూ తేలేదు.

డీజిల్ మనిషి:
నాది డీజిల్, కొండ దారుల్లో ట్రైలర్ లాగుతాను. నాకు ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజ్ కావాలి. ప్రోబ్ టర్బో ముందు పెట్టాలా, తర్వాతా? ముందు పెడితే మొన విరిగి టర్బైన్‌లో పడుతుందని ఒకరు, వెనక పెడితే అసలు వేడి తెలియదని ఒకరు అంటున్నారు.

పాత రెంచి:
దానికి వేరే చర్చ పెట్టండి, అక్కడ చెబుతాను. అసలు వేడి తెలిసేది ముందు పెడితేనే. కానీ మ్యానిఫోల్డ్ విప్పకుండా రంధ్రం వేస్తామనేవాళ్లకి కారు ఇవ్వకండి, ఇనుప రజను నేరుగా టర్బైన్‌లోకి పోతుంది.