ఎనిమిది మ్యాచ్‌లు గెలవని జట్టును అమోర్ ఛాంపియన్ ఎలా చేశాడు?

రాయగడ_లెఫ్ట్‌బ్యాక్:
ఒడిశా ఎఫ్‌సీ మొదటి కోచ్ జోసెప్ గోంబావు మనకి తెలిసినవాడే. అంతకుముందు ఆయన కోచ్‌గా ఉన్న ఆస్ట్రేలియా క్లబ్ ఆడిలైడ్ యునైటెడ్‌ని వదిలాక 2015లో ఆ పని చేపట్టింది బార్సిలోనా పాత మిడ్‌ఫీల్డర్ గియెర్మో అమోర్. మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలుపే లేదు, అయినా ఆ సీజన్లో లీగ్ టాపర్, ఫైనల్ విజేత రెండూ వాళ్లే. మధ్యలో ఏం మారింది? మరుసటి ఏడాది అలా ఎందుకు కూలిపోయారు? 1992 యూరోపియన్ కప్ ఫైనల్ ఆడినవాడి పద్ధతి మా ఎర్రమట్టి గ్రౌండ్లో అండర్-14 పిల్లలకి పనికొస్తుందా?

బరంపురం_నంబర్4:
ముందు చిన్న సవరణ తమ్ముడూ. 1992 వెంబ్లీ ఫైనల్లో అమోర్ దిగలేదు. ఆడింది 1994 ఏథెన్స్ ఫైనల్, మిలాన్ చేతిలో 0-4తో ఓడింది. దాన్నిబట్టి ఆటగాడిగా తక్కువవాడనుకోకు: 1988 నుంచి 1998 వరకు బార్సిలోనా సీనియర్ జట్టులో ఉండి అయిదు లీగ్ టైటిళ్లు గెలిచాడు. 1996 యూరోలో రుమేనియా మీద 84వ నిమిషంలో తలతో కొట్టిన గోలే స్పెయిన్‌ని క్వార్టర్ ఫైనల్‌కి చేర్చింది. మిడ్‌ఫీల్డ్ నుంచి ఆలస్యంగా బాక్సులోకి దూరడం ఎలాగో నేర్పాలంటే ఆ ఒక్క గోల్ చూపిస్తే చాలు. ఆ తర్వాత ఫియొరెంటినా, వియ్యారియల్, చివర్లో స్కాట్లాండ్‌లో లివింగ్‌స్టన్.

2010 తర్వాత కొన్నేళ్లు బార్సిలోనా కుర్రాళ్ల జట్ల బాధ్యత చూశాడు. ఆడిలైడ్‌కి కూడా ముందు టెక్నికల్ డైరెక్టర్‌గానే వచ్చాడు, అంటే కోచ్ అయ్యేనాటికే జట్టులో ఎవరేంటో తెలుసు. లీగ్ దశలో మొత్తం 27 మ్యాచ్‌లు. గెలిచిన 14 కూడా మొదటి ఎనిమిది పోగా మిగిలిన 19లోనివే. 49 పాయింట్లు, రెండో స్థానానికి ఒక్కటంటే ఒక్కటే తేడా. నాకు కనిపించినంతలో గోంబావు కాలంకన్నా బంతి త్వరగా ముందుకి వెళ్లేది. మిడ్‌ఫీల్డ్‌లో వెనకగా ఇసాయాస్ కాపలా, పక్కల్లో సిరియో, గుడ్‌విన్ పరుగులు, ముందు మధ్యలో గోల్ కొట్టడానికి జైట్. జనవరిలో స్టెఫన్ మాక్ రావడంతో మిడ్‌ఫీల్డ్‌కి కాళ్లొచ్చాయి. 2016 మే 1న ఆడిలైడ్ ఓవల్లో జరిగిన ఫైనల్లో వెస్టర్న్ సిడ్నీ మీద 3-1 గెలుపు. రెండో గోల్ ఇసాయాస్ ఫ్రీకిక్.

కూలడానికి కారణం వెతకక్కర్లేదు. జైట్, గుడ్‌విన్, మాక్, కమావు, పాబ్లో సాంచెజ్ అందరూ సీజన్ అయ్యాక వచ్చిన ఆ ఒక్క విరామంలోనే వెళ్లిపోయారు. మరుసటి సీజన్లో పది జట్లలో తొమ్మిదో స్థానం, 2017లో అమోర్ కూడా సెలవు. తర్వాత బార్సిలోనాకే డైరెక్టర్‌గా వెళ్లాడు. కోచ్ గొప్పా, జట్టు గొప్పా అని కొట్టుకునేవాళ్లు ఈ రెండు సీజన్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

పర్లాకిమిడి_పాసింగ్:
ప్రాక్టీసు సంగతి నేను చెప్తాను. బార్సిలోనా పిల్లలకి మొదట పడేది రోండో. నలుగురు చుట్టూ నిలబడి బంతి తిప్పుతారు, లోపల ఇద్దరు దాన్ని లాక్కోవాలి. పచ్చగడ్డి మీద 8 మీటర్ల చదరం సరిపోతుంది. ఎర్రమట్టి మీద బంతి ఎగిరి మోకాలికి తగుల్తుంది, కాబట్టి 10 మీటర్లు పెట్టండి. మొదటి రెండు వారాలు మూడు టచ్‌లు ఇచ్చి, ఆ తర్వాత రెండుకి దించండి. అయిదో నంబర్ బంతికి గాలి నిబంధనల ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. గట్టి నేల మీద 9 దగ్గర ఆపితే గెంతడం తగ్గుతుంది. గులకరాళ్లు ఏరకుండా మొదలెట్టొద్దు.

పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: బంతికేసి నిండుగా తిరిగి నిలబడతారు. అప్పుడు వచ్చినవైపే తిరిగి ఇవ్వడం తప్ప దారుండదు. ఒక భుజం వెనక్కి పెట్టి, దూరంగా ఉన్న కాలితో ఆపమనండి. రెండో తప్పు, పాస్ ఇచ్చి అక్కడే పాతుకుపోవడం. రెండు అడుగులు జరిగితేనే తర్వాతి పాస్‌కి సందు దొరుకుతుంది.

అది కుదిరాక నలుగురి మీద నలుగురు, ఏ జట్టుకీ చెందని ముగ్గురు. 20 ఇంటూ 15 మీటర్లు చాలు. బంతి ఎవరిదైతే ముగ్గురూ వాళ్లవైపే ఆడతారు.

రాయగడ_లెఫ్ట్‌బ్యాక్:
మాస్టారూ, ఆ ముగ్గురినీ ఎక్కడ నిలబెట్టాలి? ఎంతసేపు ఆడించాలి?

పర్లాకిమిడి_పాసింగ్:
ఇద్దరు పొట్టి గీతల మీద చెరోవైపు, ఒకడు నడిమధ్యలో. ఆ నడిమివాడే మీ ఇసాయాస్. ముగ్గురూ ఒకే వరుసలోకి వచ్చారంటే ఆట చచ్చిపోతుంది, వెంటనే ఈల ఊదండి. నాలుగేసి నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాలు నీళ్లు, అలా నాలుగు విడతలు. అంతకుమించి లాగితే కాళ్లు బరువెక్కి పాసులు గాల్లోకి లేస్తాయి. పిల్లాడికి రాదనుకుంటారు గానీ అది అలసటే. బంతి పోయిన వెంటనే అయిదు సెకన్లు దగ్గరున్నవాళ్లు మీదపడాలి, అప్పటికీ చిక్కకపోతే వెనక్కి సర్దుకోవాలి. నడిమివాణ్ని ప్రతి విడతకీ మార్చండి, లేకపోతే ఒక్కడే నేర్చుకుంటాడు.