నొప్పి మాత్రలు, కడుపులో రక్తస్రావం: ఆర్నెల్ల ప్రాజెక్టుకు కేస్-కంట్రోలా, కోహార్టా?

బురుజు_నీడ (కర్నూలు):
అందరికీ నమస్తే. ఫార్మ్-డి ఐదో సంవత్సరం. నొప్పి మాత్రలు వాడేవాళ్లలో కడుపులో రక్తస్రావం అనే టాపిక్ గైడ్ సార్ ఓకే చేసినారు. డిజైన్ దగ్గర ఆగిపోయినా. కోహార్ట్ అయితేనే బలంగా ఉంటాదని ఒక సీనియర్, ఆర్నెల్లలో కోహార్ట్ ఏం చేస్తావప్పా అని ఇంకో సీనియర్. నిర్వచనాలు అడిగితే గడగడా చెప్పేస్తా. రేపు పొద్దున పెద్దాసుపత్రి వార్డుకు పోయి ఎవరిని పట్టుకోవాల, ఏం అడగాల అనేదే తెలియడం లేదు. ఇట్లాంటివి చేసినోళ్లు చెప్పండి.

గండికోట_అక్క (కడప):
తమ్ముడూ, ఉండేది ఆర్నెల్లే అయితే కేస్-కంట్రోల్. రక్తపు వాంతులతోనో, తారులాంటి నల్ల విరేచనాలతోనో అడ్మిట్ అయినవాళ్లు నీ కేసులు. అట్లా రక్తం పడనివాళ్లు కంట్రోళ్లు. ఇద్దరిలో ఎవరు నొప్పి మాత్రలు ఎక్కువ వాడారో వెనక్కి చూసి పోలుస్తావు. కోహార్ట్ అంటే మాత్రలేసుకునేవాళ్లను, వేసుకోనివాళ్లను వేలల్లో చేర్చుకుని, ఎవరికి రక్తం పడుతుందో కనిపెట్టుకుని ఉండాలి. అరుదుగా వచ్చే ఇబ్బందికి అది నీ వల్ల అయ్యే పని కాదు.

తక్కువ మందితో ఏం తేలుతుందిలే అనుకోవద్దు. 1971లో బోస్టన్‌లో హెర్బ్‌స్ట్ బృందం దగ్గర ఉన్న కేసులు 8 మాత్రమే. పడుచు వయసు ఆడపిల్లలకు యోనిలో చాలా అరుదైన క్యాన్సర్. ఒక్కో కేసుకు నలుగురు చొప్పున 32 మంది కంట్రోళ్లను తీసుకున్నారు. తల్లులను విచారిస్తే, 8 మందిలో 7 మంది తల్లులు గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ మందు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ వాడారు. కంట్రోళ్ల తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. అంత తేడా నీకు రాదు, ఆశపడకు.

లెక్క ఇట్లా ఉంటుంది. 100 కేసుల్లో 40 మంది మాత్రలు వాడారు, 100 కంట్రోళ్లలో 20 మంది వాడారు అనుకో. 40ని 80తో గుణించి, 60ని 20తో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆడ్స్ రేషియో (వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ ఉండే నిష్పత్తి కంట్రోళ్లకంటే కేసుల్లో ఎన్ని రెట్లో చెప్పేది) 2.67. దీన్ని పట్టుకుని 'వాడినవాళ్లలో ఇంత శాతం మందికి రక్తస్రావం' అని మాత్రం రాయొద్దు. కేసులు ఎన్ని, కంట్రోళ్లు ఎన్ని అని నిర్ణయించింది నువ్వే. ఆ శాతం నీ డేటాలో లేదు.

వేరుశనక్కాయ (అనంతపురం):
అక్క చెప్పింది కరెక్టే. కానీ అసలు తంటా కంట్రోళ్ల దగ్గర. మా సీనియర్ బ్యాచ్ ఒకటి సులువుగా దొరుకుతారని ఎముకల ఓపీ నుంచి కంట్రోళ్లను తెచ్చింది. ఎముకల ఓపీకి వచ్చేవాడు నొప్పి మాత్ర వేసుకోకుండా ఎందుకుంటాడు? రెండు గ్రూపుల్లోనూ వాడకం సమానంగా వచ్చి, నొప్పి మాత్రలతో ఏ ప్రమాదమూ లేదని తేలింది! వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటి కాలేజీ ఎగ్జామినర్) మొదటి ప్రశ్నే అక్కడ వేసినాడు.

కంట్రోల్ అంటే, ఆ మనిషికే గనక రక్తం పడి ఉంటే ఇదే ఆసుపత్రికి వచ్చి నీ కేసు అయ్యుండేవాడు అన్నట్టు ఉండాల. అతను ఇప్పుడు ఆసుపత్రికి వచ్చిన కారణానికీ నొప్పి మాత్రలకూ సంబంధం ఉండకూడదు. హెర్నియా ఆపరేషన్ వాళ్లు, కంటి శుక్లాల వాళ్లు అట్లా పనికొస్తారు. శుక్లాలవాళ్ల వయసు కూడా మీ కేసులకు దగ్గరగా ఉంటాది.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు):
నాది బీటెక్, దారి తప్పి వచ్చినా. మందు అమ్మకానికి రాకముందే పరీక్షలు చేస్తారు కదా, మళ్లీ ఈ గోలంతా ఎందుకు?

గండికోట_అక్క:
మంచి ప్రశ్నే. ఆ పరీక్షల్లో ఉండేది కొన్ని వేల మంది. 3,000 మందిలో ఒక్కరికీ ఒక దుష్ఫలితం రాకపోయినా, అది వెయ్యిలో ఒకరికి వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయలేం. మూడును మనుషుల సంఖ్యతో భాగించు, పైహద్దు అదే. పైగా గర్భిణులను, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లను, పది రకాల మాత్రలు మింగే ముసలివాళ్లను ఆ పరీక్షల్లో చాలావరకు చేర్చుకోరు. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మాత్ర 1999లో అమెరికాలో అనుమతి పొంది, లక్షలాది మంది వాడాక, గుండెపోటు ముప్పు తేలి 2004 సెప్టెంబరులో వెనక్కి పోయింది.

ఆదోని_మెడికల్స్:
నేను చదువుకున్నోణ్ణి కాదు బాబూ, డి-ఫార్మసీతో షాపు నడుపుతాండ. ఒక మాట చెప్తా. 'డైక్లోఫెనాక్ వాడినావా పెద్దాయనా' అని అడిగితే లేదనే అంటాడు. అబద్ధం కాదు, ఆయనకు ఆ నొప్పి మాత్ర పేరు తెలీదు. మా దగ్గరికొచ్చి అడిగేది 'మోకాళ్ల నొప్పులకు ఒక సెట్టు ఇయ్యి' అని. దాంట్లో నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, ఒక్కోసారి స్టిరాయిడ్ కూడా ఉంటాది. స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతాది. పల్లెల్లో పొట్లం కట్టి ఇచ్చేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. బిల్లు లేదు, చీటీ లేదు. కేసు షీట్లో రాసిందే నిజమనుకుంటే నీ పని అయినట్టే.

'రక్తం పల్చబడే మాత్ర', 'గుండె మాత్ర' అన్నోళ్లను గట్టిగా అడుగు. అది ఆస్పిరిన్ అయ్యుంటాది.

బురుజు_నీడ:
అన్నా, ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మరి ఎట్ల అడగాల?

గండికోట_అక్క:
మందు పేరుతో కాదు, బాధ పేరుతో మొదలుపెట్టు. 'ఈ నెలలో కీళ్లనొప్పికి, తలనొప్పికి, జ్వరానికి, పంటినొప్పికి ఏమేసుకున్నారు?' తర్వాత స్ట్రిప్పుల ఫోటోల ఆల్బం చూపించు. గడువు ముందే ఖాయం చేసుకో: రక్తం పడిన రోజుకు ముందు 7 రోజులా, 30 రోజులా? కంట్రోళ్లకూ అట్లాంటి తేదీ ఒకటి ఉండాలి. రక్తం కక్కినవాడు ఆ వారమంతా ఏం మింగాడో తవ్వి తవ్వి గుర్తు చేసుకుంటాడు, శుక్లాల ఆపరేషన్‌కు వచ్చినవాడికి ఆ అవసరం లేదు. రీకాల్ బయాస్ అంటే ఇదే. ఇద్దరినీ అవే ప్రశ్నలు, అదే వరసలో, అంతే ఓపికగా అడగడం తప్ప దానికి వేరే మందు లేదు.

పెన్నా_ఒడ్డు (అనంతపురం):
కోహార్ట్‌ను మరీ తీసిపారేయకండి. మన పాత అనంతపురం జిల్లాలోనే బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పేషెంట్ల కోహార్ట్ ఉంది, దాని మీద అంతర్జాతీయ జర్నళ్లలో పేపర్లు వచ్చినాయి. రికార్డులు పద్ధతిగా ఉంటే వెనక్కి పోయి కూడా కోహార్ట్ కట్టొచ్చు. ఒక మందుతో ఎన్నో ఫలితాలు చూడొచ్చు, రిస్కు నేరుగా లెక్కకొస్తుంది.

రాయలసీమలో దానికుండే శత్రువు వలస. నేను ఇంకో కోహార్ట్‌లో డేటా ఎంట్రీ చేసేవాణ్ణి. మంత్రాలయం, కోసిగి వైపు నుంచి మిరప కోతలకని గుంటూరు పోతారు, మా వైపోళ్లు బెంగళూరు పోతారు. ఫోన్ నంబరు మారిపోతుంది. కనబడకుండా పోయినోళ్లు బాగుండి రాలేదా, బాగాలేక రాలేదా? ఆ రెంటికీ తేడా పట్టించుకోకుండా వాళ్లను తీసేసిన టేబుల్ నేను నమ్మను.

ఇంకోటి, ఇమ్మోర్టల్ టైమ్, అంటే చావులేని కాలం. పేరు పురాణంలో లాగా ఉంది కానీ విషయం చిన్నదే. పేషెంటు జనవరిలో రిజిస్టర్ అయి, మందు జూన్‌లో మొదలైంది అనుకోండి. జనవరి నుంచే 'మందు వాడినవాడు' అని లెక్కేస్తే, జూన్ దాకా అతను చచ్చిపోయే వీలే లేదు. ఎందుకంటే చచ్చిపోయుంటే మందు వాడని గుంపులోకి పోయేవాడు. మందు ఊరికే మంచిపేరు కొట్టేస్తుంది. జూన్ దాకా మందు లేని కాలంగా, అక్కడి నుంచి మందు వాడిన కాలంగా విడగొట్టాల.

వేరుశనక్కాయ:
బురుజు తమ్ముడూ, నొప్పి మాత్రల్లోనే ఎటోరికాక్సిబ్‌ను డైక్లోఫెనాక్‌తో పోల్చాలనుకుంటే జాగ్రత్త. ఇంతకుముందు అల్సర్ ఉన్నవాడికి డాక్టరు కడుపుకు తేలికని ఎటోరికాక్సిబే రాస్తాడు. చివరికి రక్తస్రావం వాళ్లలోనే ఎక్కువ కనబడితే తప్పు మాత్రదా, పాత అల్సర్‌దా? గ్యాస్ మాత్రదీ ఇదే కథ: కడుపులో పుండు ముదురుతుంటే మంట పుట్టి ప్యాంటప్రజోల్ వేసుకుంటాడు, వారానికి రక్తం పడుతుంది, నింద ప్యాంటప్రజోల్‌కు. పాత అల్సర్, సారా, పొగ, ఆస్పిరిన్, స్టిరాయిడ్: ఈ అయిదూ ఫారంలో ఉండి తీరాల. తర్వాత లాజిస్టిక్ రిగ్రెషన్ (ఇట్లాంటి వేరే కారణాల ప్రభావాన్ని పక్కకు తీసే లెక్క) చేస్తానంటే చేయి, అడగని విషయాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయదు.

పాత అల్సర్ సంగతి మాత్రం పేషెంటు మాటతో పోనియ్యద్దు, ఎండోస్కోపీ కాగితం అడుగు. 'గ్యాస్ ట్రబులు' అని మన దగ్గర గుండెనొప్పిని కూడా అంటారు.

బురుజు_నీడ:
ఏడీఆర్ సెంటర్‌కు (మందుల దుష్ఫలితాలు నమోదు చేసే చోటు) వచ్చే ఫారాలతోనే చేసేయొచ్చు కదా అని ఫ్రెండు అంటాన్నాడు.

గండికోట_అక్క:
ఆ ఫారాలు అనుమానం పుట్టించడానికి పనికొస్తాయి. ఎంతమంది వాడితే ఇంతమందికి వచ్చిందో వాటిలో ఉండదు, అందుకే రేటు కట్టలేవు. అట్లని మానేయొద్దు. నీ కేసుల్లో మందు మీద అనుమానం ఉన్న ప్రతిదాన్నీ పీవీపీఐకి (మందుల దుష్ఫలితాలను గమనించే జాతీయ కార్యక్రమం) పంపు. పేషెంటు వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పొచ్చు.

బురుజు_నీడ:
సరే అక్కా. కేస్-కంట్రోల్, హెర్నియా, శుక్లాల వాళ్లు కంట్రోళ్లు, గడువు 7 రోజులు. వయసు, ఆడ-మగ వరకే మ్యాచింగ్ చేస్తా, అంటే కేసుకు సరిజోడుగా కంట్రోల్‌ను తీసుకుంటా. ఎథిక్స్ కమిటీకి ఈ వారమే పెడతా. ఆల్బంకు ఫోటోలు ఎక్కడ తీయాలో చూడాల.

ఆదోని_మెడికల్స్:
నెట్టులో బొమ్మలు పెట్టొద్దు, మన పల్లెల్లో నడిచే బ్రాండ్లు వేరే. కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు ఒక డబ్బాలో ఎత్తిపెడతా. ఆదివారం మధ్యాన్నం రా, గిరాకీ ఉండదు. వెనకవైపు కూడా ఫోటో తియ్యి, కొందరు వెండి రంగును బట్టే గుర్తుపడతారు.