పల్స్ జెట్ ఇంజన్‌కి సైలెన్సర్ పెట్టొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి

లేత్_షాపు_ఒంగోలు:

అన్నలందరికీ నమస్తే. మాది ఒంగోలు, టౌన్ చివర్లో లేత్, వెల్డింగ్ షాపు నడుపుతా ఉంటా. మా అక్క కొడుకు పాలిటెక్నిక్ ఫైనలియర్ మెకానికల్, వాడు రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవాళ్ళు లండన్ మీదకి వదిలిన వి-1 బాంబుల వీడియోలు చూసి చూసి ఆ పల్స్ జెట్ ఇంజన్ లాంటిది చిన్నది చేద్దాం మామా, ప్రాజెక్టుకి అదే పెడతా అని పట్టుబట్టాడు, డ్రాయింగ్ కూడా గీసుకొచ్చాడు. చూస్తే అందులో తిరిగేది ఒక్కటీ లేదు, ఫ్యాన్ లేదు పిస్టన్ లేదు క్రాంక్ లేదు, ఒక గొట్టం, దాని మూతి దగ్గర పల్చటి స్టీలు రేకులు, ఒక స్పార్క్ ప్లగ్గు, అంతే. చెయ్యటం నాకు కష్టం కాదు, ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) పైపు ఉంది, టిగ్ వెల్డింగ్ ఉంది. నా భయమల్లా సౌండు గురించే. మా షాపు వెనక గోడ దాటితే ఇళ్ళు, ఒక గేదెల కొట్టం, ఆ పక్కింట్లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నాడు. జనరేటర్లకి పెట్టినట్టు వెనక పైపుకి ఒక సైలెన్సర్ డబ్బా చేసి తగిలిస్తే పనిచేస్తదా? అసలు తిరిగేదే లేనప్పుడు అంత సౌండు యాడ నుంచి వస్తంది? మీలో ఎవరన్నా దగ్గరుండి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

పెన్నా_గట్టు:

కుదరదు బ్రదర్. డీజిల్ ఇంజన్లో సౌండు అనేది పని అయిపోయినాక పొగతో పాటు బయటికొచ్చేది, దాన్ని డబ్బాలో తిప్పి తిప్పి వదిలితే కాస్త పవర్ తగ్గుద్దేమో గానీ ఇంజన్ ఆగదు. పల్స్ జెట్‌లో అట్టా కాదు, ఆ సౌండే ఇంజన్ని నడుపుద్ది. పైపులో అటూ ఇటూ కొట్టుకునే ప్రెజర్ వేవే అక్కడ పిస్టన్, అదే వాల్వ్ టైమింగ్. దాన్ని చంపితే ఇంజన్ని చంపినట్టే.

లోపల జరిగేది ఏందంటే, ముందు గదిలో పెట్రోలు, గాలి కలిసి అంటుకుంటయి, ప్రెజర్ పెరగ్గానే మూతి దగ్గరున్న రేకులు టప్పున మూసుకుంటయి, ఇంక ఆ మంటకి వెనక పైపు తప్ప దారి లేదు. అట్టా దూసుకుపోయే గ్యాసుకి బరువుంది, వేగముంది, కాబట్టి గదిలో ప్రెజర్ బయటి గాలితో సమానమైనా అది ఆగదు, ఆ ఊపులో ఇంకా పోతానే ఉంటది, దాంతో గదిలో ప్రెజర్ బయట కంటే కిందికి పడిపోద్ది. అప్పుడు రేకులు తెరుచుకుని కొత్త గాలి లోపలికొస్తది, వెనక నుంచి కూడా పోయిన గ్యాసులో కొంత తిరుగుముఖం పట్టి లోపలికొస్తది. లోపల మిగిలిన వేడి గ్యాసు తగిలి కొత్త మిక్చరు అంటుకుంటది, మళ్ళీ మొదలు. ప్లగ్గు స్టార్ట్ చెయ్యటానికే, ఒకసారి అందుకున్నాక దాని వైరు పీకేసినా ఇంజన్ నడుస్తది.

సెకనుకి ఎన్నిసార్లు కొట్టాలో చెప్పేది పైపు పొడవు. సన్నాయి పొడవుని బట్టి శ్రుతి ఉన్నట్టే ఇదీనూ. ఒక చివర మూసి, ఒక చివర తెరిచున్న పైపు కాబట్టి వేవ్ పొడవులో పావు వంతు పైపులో పడుద్ది. వి-1 ఇంజన్, ఆర్గస్ 014 అంటారు, పొడవు సుమారు 3.6 మీటర్లు. లోపల వేడికి సౌండు స్పీడు పెరిగి సగటున సెకనుకి 650 మీటర్లు ఉంటదనుకోండి, దాన్ని పొడవుకి నాలుగింతలు, అంటే 14.4తో భాగిస్తే 45 వస్తది. అసలు ఇంజన్ కూడా సెకనుకి 45 నుంచి 50 సార్లే కొట్టేది. మీ కుర్రోడికి ఈ లెక్క వేసి చూపించండి, నాకు ఇంజనీరింగ్‌లో బాగా నచ్చిన లెక్కల్లో ఇదొకటి.

ఇప్పుడు మీరు వెనక డబ్బా తగిలిస్తే పైపు పొడవు మార్చినట్టు, చివర మూసినట్టు. శ్రుతి చెడి రెండు దగ్గులు దగ్గి ఆరిపోద్ది. ఒకవేళ వెనక ఏదో చేసి తగ్గించినా ముందు మూతి నుంచి కూడా సౌండు వస్తంది గదా, దాన్నేం చేస్తారు? రెండు ఇంజన్లు పక్కపక్కన పెట్టి ఒకటి కొట్టేటప్పుడు రెండోది పీల్చేటట్టు జతచేస్తే సౌండు కొంత తగ్గుద్దని ప్రయోగాలు చేసినవాళ్ళున్నారు, అది మన షాపుల్లో అయ్యే పని కాదు.

గోడ కూడా అడ్డు రాదు. 45 హెర్ట్జ్, అంటే సెకనుకి 45 సార్లు కొట్టే సౌండుకి బయటి గాలిలో వేవ్ పొడవు ఏడున్నర మీటర్లు, కాంపౌండ్ గోడ దానికి లెక్కే కాదు, చుట్టి అవతలికి పోద్ది. మీరు చేసే అర మీటరు ఇంజన్ సెకనుకి రెండొందల సార్లకి పైనే కొడుద్ది, అది మన చెవికి ఇంకా ఎక్కువ గుచ్చుకునే శ్రుతి.

ఉలవపాడు_మామిడి:

ఇంజన్ సంగతి పైన సార్ బాగా చెప్పారు, నేను దాని కథ చెప్తా, ఎందుకంటే కుర్రోళ్ళు వీడియోలో మంట చూసి భలే ఉందే అనుకుంటారు గానీ అది ఎందుకు పుట్టిందో కూడా తెలియాలి. మ్యూనిక్‌లో పాల్ ష్మిట్ అనే ఆయన 1930లలోనే ఈ గొట్టం మీద పని చేస్తా ఉన్నాడు, ఆర్గస్ కంపెనీ వాళ్ళు వాళ్ళ దారిన మొదలుపెట్టి తర్వాత ఆయన రేకు వాల్వుల పద్ధతి కూడా కలుపుకున్నారు. 1941 ఏప్రిల్లో గోథా అనే రెండు రెక్కల విమానం కింద కట్టి ఎగరేసి చూశారు. అది ఎంత చవకంటే, రేకులు వంచి వెల్డింగ్ చేస్తే ఇంజన్ అయిపోయింది, నాసిరకం పెట్రోలు చాలు. ఒక్కసారి ఎగిరి పడిపోయే దానికి ఇంజన్ అరగంట పైన బతికితే చాలు గదా, అదీ వాళ్ళ లెక్క.

లండన్ మీద మొదటివి పడింది 1944 జూన్ 13న. ఒక్కోదాంట్లో సుమారు 850 కిలోల పేలుడు మందు, గంటకి 640 కిలోమీటర్ల స్పీడు. 250 కిలోమీటర్లు పోవటానికి 600 లీటర్ల పైన పెట్రోలు తాగేది, అంటే లీటరుకి అర కిలోమీటరు కూడా లేదు. లోపల కంప్రెషన్ అనేదే సరిగ్గా లేని ఇంజన్ అట్టానే తాగుద్ది.

సౌండు గురించి అడిగారు గదా, అక్కడి జనం దాని సౌండుని బట్టే దాన్ని బజ్ బాంబు అనేవాళ్ళు. దడదడదడ అని మోగుతా వస్తన్నంతసేపు జనం ఆగి వినేవాళ్ళు. ముక్కు మీద ఒక చిన్న ఫ్యాన్ ఉండేది, అది గాలికి తిరిగి దూరం లెక్కపెట్టేది, లెక్క అయిపోగానే బాంబు ముక్కు కిందికి దిగేది, దిగేటప్పుడు పెట్రోలు ఇంజన్‌కి అందక ఆగిపోయేది. సౌండు ఆగిందంటే పది పన్నెండు సెకన్లలో ఎక్కడో పడబోతందని అర్థం. నెత్తి మీద మోగుతా ముందుకి పోతే మనం బతికినట్టు, పక్క వీధివాళ్ళ సంగతి ఏమో. బ్రిటన్‌లో వీటి వల్ల ఆరు వేల మందికి పైగా చనిపోయారు. వీటిని తయారుచేసిన చోట్లలో ఒకటి నార్ద్‌హౌసెన్ దగ్గర కొండ కింద సొరంగాల ఫ్యాక్టరీ, వి-2 రాకెట్లు కూడా అక్కడే, వాళ్ళు అక్కడ పని చేయించిన డోరా అనే నాజీ క్యాంపు ఖైదీల్లో సుమారు 20 వేల మంది ప్రాణాలు పోయినయి. ప్రాజెక్టు రిపోర్టులో ఇంజన్ బొమ్మ పక్కన ఇది కూడా రాయమనండి మీవాడిని.

ఇంకోటి, ఈ ఇంజన్ల సౌండుకి మనుషులే కాదు ఇనుమే ఓర్చుకోలేదు. మెసర్‌ష్మిట్ 328 అని ఒక చిన్న ఫైటర్ విమానానికి ఇవి తగిలిస్తే ఆ అదురుకీ సౌండుకీ బాడీ దెబ్బతిని ఆ డిజైన్ మూలన పడింది. 

చీమకుర్తి_గెలాక్సీ:

నేను ఇంజనీర్ని కాదు, ఒక గ్రానైట్ క్వారీలో జాక్‌హ్యామర్ మీద చాన్నాళ్ళు చేశా. ఆ రోజుల్లో చెవులకి ఏం పెట్టుకోమని ఎవరూ చెప్పలా, ఇయ్యలా, చెవిలో దూది పెట్టుకుని దిగేవాళ్ళం. ఇప్పుడు కుడి చెవిలో రాత్రీ పగలూ కీచుమని ఒకటే మోత, అది నాకు తప్ప ఎవరికీ వినపడదు. నా మనవరాలి గొంతు సన్నం, అది మాట్లాడితే నోరు కదలటం కనపడుద్ది, మాట అందదు. డాక్టరు గారు చెప్పింది ఏందంటే చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉంటయి, అవి పోతే మళ్ళీ మొలవవు, మందు లేదు. కుర్రోడికి ఈ మాట చెప్పు అబ్బయా. చెవి ఒకసారి పోయిందంటే పోయిందే.

పెన్నా_గట్టు:

పెద్దాయన చెప్పింది అందరూ రెండుసార్లు చదవండి. దీనికి లెక్క కూడా ఉంది. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు అంటారు, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి టైము సగమవుద్ది. 100కి పావుగంట. 115కి అర నిమిషం కూడా లేదు. చిన్న పల్స్ జెట్ పక్కన మనిషి నిలబడే చోట 120 దాటుద్ది, అంటే స్టార్ట్ అయిందిరా అని మురిసిపోయే లోపలే ఆ రోజు కోటా అయిపోద్ది. చెవిలో ప్లగ్గులు, పైన చెవిని కప్పే మఫ్‌లు రెండూ పెట్టినా అవి తగ్గించే డెసిబెల్స్ నంబర్లు కూడవు, ఒకదానికి ఇంకో ఐదు డెసిబెల్స్ కలిసినట్టు అంతే. పైగా గట్టి సౌండు పుర్రె ఎముకలోంచి కూడా లోపలికి పోద్ది.

లేత్_షాపు_ఒంగోలు:

అందరికీ దండాలు, ఇంత వివరంగా చెప్తారనుకోలా. చీమకుర్తి పెద్దాయనా, మీ మెసేజ్ మావాడికి చదివి వినిపించా, వాడు మాట్లాడకుండా కూర్చున్నాడు. కానీ ఇంకో డౌటు అడుగుతున్నాడు, రేకులు లేని రకం కూడా ఉందంట, యు ఆకారంలో వంచిన పైపు, దానికి సౌండు తక్కువా? ఇంకా ఆ రేకులు ఎన్నాళ్ళు వస్తయి? ఊరవతల పొలంలో పెట్టి చెయ్యొచ్చా?

పెన్నా_గట్టు:

యు పైపుది లాక్‌వుడ్ రకం, దాంట్లో మూతీ తోకా రెండూ వెనక్కే తిరిగి ఉంటయి, రేకు వాల్వు బదులు మూతి పైపులోని గాలి బరువే అడ్డం పడుద్ది. అరిగే పార్టు లేదు, సౌండు మాత్రం ఏం తగ్గదు, ఎందుకంటే నడిపేది అదే వేవు.

రేకుల సంగతి నేను దగ్గర నుంచి చూశా. మెకానిక్ షెడ్డుల్లో ఫీలర్ గేజ్ ఉంటది చూడండి, ఆ మందం స్ప్రింగు స్టీలుని పూరేకుల ఆకారంలో కోస్తారు. కొత్తది అద్దంలా మెరుస్తా ఉంటది. కాసేపు నడిపి విప్పితే కొసలన్నీ నీలంగా కాలి, అంచు పోగులు పోయినట్టు చిట్లి, ఒకటో రెండో పూరేకులు పైకి వంకర తిరిగి ఉంటయి. సెకనుకి రెండొందల సార్లు మంటకి ఎదురెళ్ళి కొట్టుకునే రేకు అంతకన్నా ఏం బతుకుద్ది? మూల దగ్గర విరిగితే మంట ముందుకి తన్నుద్ది, అక్కడే పెట్రోలు పైపు ఉంటది. పొలంలో అయితే సౌండు బాధ తగ్గుద్దేమో గానీ ఈ బాధ అట్టానే ఉంది, గొట్టం ఎర్రగా కాలి ఉంటది, పక్కన వరిగడ్డి వాములు. ఇంట్లో వంట సిలిండర్ తెచ్చి పెడదాం అనే ఆలోచన కూడా వద్దు, అది ప్రమాదమూ నేరమూ.

నా సలహా వేరే ఉంది. ఇదే సైన్సుని భయం లేకుండా చూపించే ప్రాజెక్టు రైకే ట్యూబు. 1859లో పీటర్ రైకే అని హాలండ్ ప్రొఫెసర్ చేసింది. రెండు చివర్లూ తెరిచున్న మీటరు పైపు నిలువుగా పట్టుకుని, కింద నుంచి పావు వంతు దగ్గర ఇనప జల్లెడ గుడ్డ బిగించి, కింద నుంచి బర్నర్‌తో దాన్ని ఎర్రగా కాల్చి బర్నర్ తీసేస్తే పైపు దానంతటదే బోయ్ మని పాడుద్ది, జల్లెడ చల్లారేదాకా. అడ్డంగా తిప్పితే ఆగిపోద్ది, ఎందుకంటే వేడి గాలి పైకి పోయే దారి పోయింది. నిలబెడితే మళ్ళీ పాడుద్ది. జల్లెడని పై సగంలో పెడితే అసలు పలకదు. ఎందుకు పలకదు అనే దానికి జవాబు 1878లో రేలీ అనే ఇంగ్లండ్ సైంటిస్టు చెప్పాడు: ప్రెజర్ ఎక్కువున్న క్షణంలో వేడి అందితే వేవు బలపడుద్ది, తక్కువున్నప్పుడు అందితే చచ్చిపోద్ది. పల్స్ జెట్ నడిచేది కూడా సరిగ్గా ఆ సూత్రం మీదే.

మీవాడు వైవాలో చెప్పుకోటానికి మన దగ్గరి సంగతి ఒకటి ఇస్తా. పల్స్ జెట్‌కి ఏది ప్రాణమో రాకెట్ ఇంజన్‌కి అదే జబ్బు. 1980 మే 23న యూరప్‌వాళ్ళ ఏరియన్ రెండో రాకెట్ పడిపోయింది, ఒక వైకింగ్ ఇంజన్ గదిలో మంటా ప్రెజరూ ఇట్టానే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకోవటం వల్ల. ఆ వైకింగ్ టెక్నాలజీ నుంచి వచ్చిందే మన వికాస్ ఇంజన్, షార్ నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రెండో స్టేజీలో ఉండేది అదే. ఆ సౌండు వేవుని పుట్టనియ్యకుండా ఆపటానికి ఇంజనీర్లు ఎంత కష్టపడతారో ఈ పైపుతో చూపించొచ్చు.

లేత్_షాపు_ఒంగోలు:

మావాడికి ఇది నచ్చింది సార్, రాకెట్ మాట వినగానే లేచి కూర్చున్నాడు. మా దగ్గర రెండున్నర అంగుళాల జీఐ (జింకు పూత ఉన్న ఇనప) పైపు ముక్కలు ఉన్నయి, పనికొస్తదా? పొడవు మార్చి రెండు మూడు చేస్తే శ్రుతి లెక్క కూడా చూపిస్తా అంటన్నాడు.

పెన్నా_గట్టు:

జీఐ వద్దు, కాలితే జింకు పొగ వస్తది, మీరు వెల్డింగ్ చేసేవాళ్ళు మీకు తెలియంది కాదు. ఆ ఎస్ఎస్ పైపే కొయ్యండి. మీటరుకి 170 హెర్ట్జ్ పైన, అర మీటరుకి దానికి రెట్టింపు పలకాలి, ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే తెలిసిపోద్ది, లోపల గాలి వేడి కాబట్టి లెక్క కన్నా కొంచెం పైనే చూపిస్తది. జల్లెడ గుడ్డ ఎస్ఎస్‌దే రెండు మూడు పొరలు వెయ్యండి, ఒక్క పొర అయితే వేడి నిలవదు. ఇది కూడా గట్టిగానే పలుకుద్ది, చెవులకి మఫ్‌లు పెట్టుకునే చెయ్యమనండి, చేతికి లెదర్ గ్లౌజులు.

చీమకుర్తి_గెలాక్సీ:

మఫ్‌లు మంచివి కొనియ్యి అబ్బయా, వాడికే కాదు, షాపులో గ్రైండర్ పట్టుకునే పిలకాయలందరికీ.