సీడీల్లోకి ఎక్కించుకున్నాక పెళ్లి క్యాసెట్లను పారవేయవచ్చా?

చిక్కడపల్లి సభ్యుడు:
మా ఇంట్లో 1990ల నాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఒక బీరువా అర నిండా ఉన్నాయి. ముఖ్యమైన పెళ్లిళ్లన్నింటినీ ఏనాడో స్టూడియోలో వీసీడీల్లోకి ఎక్కించుకున్నాము. వీసీఆర్‌ల తయారీలో చివరి వరకు మిగిలిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఉత్పత్తి ఆపివేసింది. ఆడించే యంత్రమే దొరకనప్పుడు టేపులు దాచడం దండగని నేనంటాను. ఇంట్లో పెద్దవారు ఒప్పుకోవడం లేదు.

మలక్‌పేట సభ్యుడు:
మీ మాటే సబబు. టేపు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని ఏళ్ల తరబడి చెడుతూనే ఉంటుంది. వానాకాలంలో బూజు సరేసరి. బూజు పట్టిన క్యాసెట్టును ఆడిస్తే వీసీఆర్‌లో టేపును చదివే హెడ్డు మురికిపట్టడమే కాక, తరువాత పెట్టే క్యాసెట్లకూ ఆ బూజు అంటుకుంటుంది.

తార్నాక సభ్యుడు (వీడియో ఎడిటింగ్ నా వృత్తి):
టేపు చెడుతుందన్నది నిజమే కనుక మరోసారి ఎక్కించే పని త్వరపడి చేయాలి. చిక్కడపల్లి వారు తమ వద్ద నకలు ఉందనుకుంటున్నారు గానీ, ఉన్నది సగమే. మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతి వీడియోలో సెకనుకు 50 ఫీల్డులు (గీత విడిచి గీతగా తీసిన సగం బొమ్మలు), ఒక్కో ఫీల్డులో 288 గీతలు ఉంటాయి. వీసీడీలో పట్టేది 352×288 పరిమాణంలో సెకనుకు 25 ఫ్రేములే కాబట్టి, ఎక్కించేటప్పుడు సాధారణంగా ప్రతి రెండు ఫీల్డుల్లో ఒకటి పోతుంది. కదలికలో సగం శాశ్వతంగా లేనట్టే. పైగా సెకనుకు 1,150 కిలోబిట్లకు కుదించడం వల్ల తలంబ్రాలు పోసుకునే ఘట్టం వచ్చేసరికి తెరంతా గళ్లుగళ్లుగా విరుగుతుంది (పెళ్లి వీడియోలో అందరూ వెనక్కి తిప్పి చూసేది అదే!). స్టూడియోలో రాసిచ్చిన సీడీ-ఆర్‌లలో సమాచారం నిలిచేది ఒక రంగు పొర మీద. ఎండకూ వేడికీ అది టేపు కంటే ముందే చెడినా ఆశ్చర్యపోనక్కరలేదు.

చిక్కడపల్లి సభ్యుడు:
ఫీల్డుల సంగతి నాకు తెలియదు. అయినా మూడు గంటల పెళ్లిని అంత నాణ్యంగా చూసేదెవరు? ఖర్చు మాత్రం ఇప్పుడే పెట్టాలి.

తార్నాక సభ్యుడు:
ఎవరూ చూడరనుకుంటే వీసీడీలు కూడా అక్కరలేదు కదండీ. డీవీ (డిజిటల్ వీడియో) ఫార్మాట్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. మూడు గంటల ఈ-180 క్యాసెట్టు 40 జీబీలో సరిపోతుంది, ఈనాటి హార్డ్‌డిస్కుకు అదొక లెక్క కాదు. కష్టమల్లా మంచి స్థితిలో ఉన్న వీసీఆర్ దొరకడమే. కోఠి గుజరాతీ గల్లీలోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో విచారించవచ్చు, అయితే ముందుగా ఒక పనికిరాని క్యాసెట్టు పెట్టి పరీక్షించాలి.

మలక్‌పేట సభ్యుడు:
బూజు పట్టినవాటి విషయంలో నా మాట మారదు. తక్కినవాటిని రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, మొదటి నుంచి చివరి వరకు ఆడించి చూసుకునే దాకా ఉంచడానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు.